ఎమ్మార్వో

ఎమ్మార్వో అనేది మండల రెవెన్యూ అధికారికి తెలుగువారి వాడుకలో స్థిరపడిన సంక్షిప్త నామం. 'మండల్ రెవెన్యూ ఆఫీసర్' అనే హోదాలోని తొలి అక్షరాల కూర్పుతో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఈ ఉద్యోగానికి ప్రస్తుత అధికారిక నామం తహసీల్దారు.

పద స్వరూపం

ఎం, ఆర్, ఓ అనే మూడు అక్షరాలను కలిపి పలకడంలో మకారం ద్విత్వమైంది. ఓకారానికి ముందు వకారం చేరింది. ఆర్డీవో, ఎండీవో పదాల్లోనూ ఈ వకారం వినిపిస్తుంది. 'ఎమ్మార్వోలు', 'ఎమ్మార్వోకి' అంటూ తెలుగు ప్రత్యయాలు చేరడంతో ఇది పూర్తిగా తెలుగు నామవాచకంలా నడుస్తోంది.

చరిత్ర

మండలాలకు ముందు తాలూకాకు అధిపతి తహసీల్దారు. అరబీ 'తహసీల్' (వసూలు)కు పారశీక ప్రత్యయం 'దార్' చేరి ఆ పేరు వచ్చింది. తాలూకా కేంద్రం చాలా పల్లెలకు దూరం. ఊళ్లో భూమి లెక్కలు ఆంధ్ర ప్రాంతంలో కరణం, మునసబుల చేతిలో, తెలంగాణలో పటేల్, పట్వారీల చేతిలో ఉండేవి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984లో ఆ గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. 1985లో తాలూకాలు, ఫిర్కాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలను ఏర్పరచింది. ఒక్కో మండలానికి ఒక రెవెన్యూ అధికారిని నియమించడంతో ఈ మాట పుట్టింది.

విధులు

భూమి హక్కుల రికార్డుల నిర్వహణ, ప్రభుత్వ భూముల పరిరక్షణ, కుల, ఆదాయ ధ్రువపత్రాల జారీ, ఎన్నికల పనులు, వరదలు, తుపానుల వేళ సహాయ చర్యలు ఈ అధికారి బాధ్యతలు. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు అధికారాలూ ఉంటాయి. తెలంగాణలో 2020 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ కూడా తహసీల్దారుకే అప్పగించారు.

వాడుకలో కొనసాగింపు

హోదా మళ్లీ తహసీల్దారుగా మారినా, పాత సంక్షిప్త నామం జనవ్యవహారం నుంచి పోలేదు. కార్యాలయం బోర్డుపై తహసీల్దారు అని ఉన్నా, పట్టాదారు పాసుపుస్తకం కోసం వెళ్లే రైతుకు, స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఆదాయ పత్రం కావలసిన విద్యార్థికి అది ఎమ్మార్వో ఆఫీసే. రెవెన్యూ పాలన తాలూకా కేంద్రం నుంచి మండలానికి దిగివచ్చిన కాలంలో జనం నోట నిలిచిన పేరు కావడమే ఈ మాట మన్నికకు మూలం.