వీలునామాలో హైదరాబాదు తల్లి

మన గ్రామములలో వీలునామా యనగా పొలము పంపకపు కాగితమనియే తలంపు. తగవు తీరినంతనే దానిని అటకకు చేర్చుట వాడుక. వంశచరిత్ర వ్రాయబూనువానికి మాత్రము అట్టి కాగితము శాసనముకంటె తక్కువది కాదు. ఇందుకు మన సీమతో ముడిపడిన ఒక ఆంగ్లేయుని కథ తార్కాణము.

నడిగడ్డకు దక్షిణపు టంచున పారు తుంగభద్ర 1800 అక్టోబరు 12 నాటి సంధితో నిజాము రాజ్యమునకు హద్దైనది. కడప, బళ్లారి మొదలగు సీమలు కుంపిణీ పాలయ్యెను. ఆ సంధి కుదిర్చినవాడు హైదరాబాదు రెసిడెంటు జేమ్సు అకిలీస్ కర్క్‌పాట్రిక్. కోఠీలోని రెసిడెన్సీ భవనమును కట్టించినవాడును ఇతడే.

ఆ రోజులలోనే ఇతడు ఖైరున్నిసా బేగమను ఉన్నతవంశపు యువతిని వలచి పెండ్లాడెను. నిఖా జరిగినదని ఆమె తల్లి షరఫున్నిసా చెప్పినది. కుంపిణీ పెద్దలకు ఇది రుచింపక 1801లో విచారణ జరిపించిరి. 1801లో కుమారుడును, 1802లో కుమార్తెయు కలిగిరి. ఇంటిలో వారు సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. 1805లో ఆ పసివారిని మద్రాసులో ఓడ యెక్కించి ఇంగ్లండునకు పంపిరి. 1806 మార్చిలో లండను చర్చిలో జ్ఞానస్నానము పొందునప్పటికి వారు విలియం జార్జి, కాథరిన్ అరోరా! ఆ పేర్లను మాత్రమే చూచినవాడు చార్మినారు దాపున వారి పుట్టింటిని ఊహింపగలడా?

ఊహింపజేయునది తండ్రి వీలునామా. అందులో ఖైరున్నిసా పేరు స్పష్టముగా కలదు. ఆమెకు జాగీరులును, అర లక్షకు తక్కువ కాని సొత్తును ఉన్నవి గనుక వేరే ఏర్పాటు అక్కరలేదనియు, తన ప్రేమకు గురుతుగా పదివేల హైదరాబాదు రూపాయలీయవలెననియు వ్రాసెను. అయినను ఆమెను భార్య యనలేదు. పిల్లల తల్లి యనెను. పిల్లలనో, ఆంగ్ల న్యాయభాషలో వివాహేతర సంతానమునకు వాడు మాటతో పేర్కొనెను. హైదరాబాదులో చెల్లిన నిఖా లండను కోర్టులో చెల్లదని ఎరిగియే అట్లు వ్రాసెనని నా యభిప్రాయము. పిల్లలకు ఆస్తి దక్కించుటకు తల్లి గౌరవము వెలగా చెల్లినది.

ఆతడు 1805 అక్టోబరు 15న కలకత్తాలో మరణించెను. ఖైరున్నిసా బిడ్డలను మరల చూడకయే 1813లో కన్నుమూసెను.

కుమార్తెను ఇంగ్లండులో కిట్టీ యనిరి. రచయిత కార్లైల్ తన గ్రంథములోని నాయికకు ఆమెనే ఒరవడిగా గొనెనందురు. అది వేరు ముచ్చట. 1841లో ఆమెకును హైదరాబాదులోని అమ్మమ్మకును ఉత్తరములు మొదలైనవి. ఒకరి భాష ఒకరికి రాదు. నడుమ దుబాసీలు కావలసివచ్చిరి. దర్జీలు కూర్చుండిన వరండాయు, జుట్టు పీకికొని యేడ్చిన తల్లియు తనకు జ్ఞాపకమని కిట్టీ వ్రాసెను. మూడేండ్ల బిడ్డకు మిగిలిన జ్ఞాపకమది! షరఫున్నిసా 1847లో గతించెను, వారిరువురు కలిసికొనలేదు.

ప్రయాణమునకు ముందు చిన్నరీ యను చిత్రకారుడు మద్రాసులో ఆ పిల్లలిద్దరి పటమును హైదరాబాదు దుస్తులలో వ్రాసెను. అది తరువాతి కాలపు రెసిడెంటు హెన్రీ రస్సెల్ ఇంటికి చేరినది. కిట్టీ దానినచట చూచి కంటతడి పెట్టెనట. రస్సెల్ 1852లో చనిపోవుచు, ఆ పటము ఆమెకే చెందవలెనని తన వీలునామాలో వ్రాసిపోయెను.