గారపళ్ల నుంచి కృష్ణా నీళ్ల దాకా

1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో వైద్యం మొదలుపెట్టిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకేకి అక్కడ పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు గార కనిపించింది. ఎంత తోమినా పోదు. చూడ్డానికి అంత వికారమైన పళ్లూ అంతగా పుచ్చేవి కావు. తాగే నీళ్ల మీద ఆయనకు అనుమానం. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ నీళ్లలో ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాడు. ట్రెండ్లీ డీన్ అనే పరిశోధకుడు మోతాదు తేల్చాడు: లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర గార దాదాపు కనబడదు, పుచ్చు తగ్గుతుంది. 1945 జనవరిలో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం ఆ లెక్కన నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది.

నోటిలోని ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. అది తిరిగి పేరుకునేటప్పుడు ఫ్లోరైడ్ చేరితే పొర గట్టిపడుతుంది. టూత్‌పేస్టు చేసే మేలు ఇదే, పంటి పైనే జరుగుతుంది. కడుపులోకి పోయిందాని దారి వేరు. కొంత మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకల్లో చేరుతుంది. పళ్లు తయారయ్యే వయసులో ఎక్కువైతే గార. ఏళ్ల తరబడి ఎక్కువైతే కీళ్ల దగ్గరి బంధనాలు సున్నంలా గట్టిపడి, మెడ తిరగదు, నడుం వంగదు. ముదిరితే వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి.

ఇదంతా మనకు కొత్తగా తెలిసింది కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ రోగాన్ని షార్ట్ అనే పరిశోధకుడి బృందం 1937లోనే ప్రకటించింది. గ్రాండ్ ర్యాపిడ్స్ కంటే ఎనిమిదేళ్లు ముందు! 1955లో సిద్దిఖీ అనే పరిశోధకుడు నల్లగొండ జిల్లా రోగుల గురించి రాశారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మోకాళ్లు లోపలికి ఒరుసుకుపోయిన యువకులను గుర్తించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే విధానాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే, దానికి నల్లగొండ పేరే పెట్టారు. పేరు దేశాలు దాటింది. జిల్లా గొంతు తడవలేదు. ఆ విధానం నడవాలంటే రోజూ నీళ్లు పరీక్షించి, పటిక కొలిచి, అడుగున చేరిన మడ్డి తీసేసే మనిషి ప్రతి ఊళ్లోనూ ఉండాలి. ఉండలేదు. రోగం తెలియక కాదు, నీళ్లు ఇవ్వక ఈ తరాలు నలిగాయని నా నమ్మకం.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి నిలిచారు. అందులో వందలమంది ఈ గోడు వినిపించడానికే నామినేషన్ వేశారు. కృష్ణా నీళ్లు మెల్లమెల్లగా వచ్చాయి; 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో నల్లాలు ఇళ్లకు చేరాయి. నల్లా రాని రోజున మాత్రం జాగ్రత్త: బోరు నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.