చోదకరహిత వాహనములు – చౌరస్తాలు

చోదకుని ప్రమేయము లేకయే కెమెరా, రాడార్, లైడార్ మొదలగు సాధనములతో పరిసరములను గ్రహించి, కంప్యూటరు నిర్ణయము ననుసరించి నడచునవి చోదకరహిత వాహనములు. వాహన ప్రమాణములను రూపొందించు ఎస్‌ఏఈ సంస్థ 2014లో ప్రకటించిన ప్రమాణము వాహనముల స్వయంచాలనమును 0 మొదలు 5 వరకు ఆరు స్థాయిలుగా విభజించినది. నలుదిక్కుల నుండి వచ్చువారందరును ఒకే తావును వంతులవారీగా వాడుకొనవలసి యుండుటచే చౌరస్తాయే ఈ వాహనములకు కఠిన పరీక్ష.

దీపములతో నియంత్రించు చౌరస్తాలో పచ్చదీపము వెలిగిన పిదప మొదటి బండి కదలుటలోను, ఒక దిక్కు నాపి మరొక దిక్కును విడుచుటలోను కొంత కాలము వ్యర్థమగును. అదియు గాక, బండికి బండికి రెండు సెకండ్ల ఎడమున్నచో ఒక వరుసలో ఎడతెగక సాగినను గంటకు 1,800 బండ్లే దాటగలవు. టెక్సస్ విశ్వవిద్యాలయమునకు చెందిన కర్ట్ డ్రెస్నర్, పీటర్ స్టోన్ 2004లో ప్రతిపాదించిన పద్ధతిలో, ప్రతి వాహనము చౌరస్తాను సమీపించుచునే దాటు క్షణమును అచ్చటి నియంత్రణ కంప్యూటరు నుండి ముందుగా కోరి పొందును గనుక దీపములతో పని లేదు, నిరీక్షణయు మిక్కిలి తగ్గును. అయితే ఈ ఫలము సమస్త వాహనములును ఆ కంప్యూటరుతో సంభాషింపగలిగిననే పూర్ణముగా సిద్ధించును. మనుష్యులు నడపు బండ్ల నడుమ అతిజాగ్రత్తతో నిలుచు కొలది చోదకరహిత వాహనములు ప్రవాహమును మందగింపజేయనూ వచ్చును.

తెలంగాణలో చోదకరహిత వాహనముల పరిశోధనకు ముఖ్యస్థానము సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాద్ ఐఐటీ. 130 కోట్ల రూపాయల వ్యయముతో అచ్చట నెలకొల్పిన టిహాన్ అను పరీక్షాక్షేత్రము 2022 జులై 4న ప్రారంభమైనది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ సంస్థతో కలసి, హైదరాబాద్, బెంగళూరు రహదారులపై తీసిన 10,000 చిత్రములను, వానిలోని వస్తువులను 34 తరగతులుగా గుర్తించి, 2018లో వెలువరించినది. పాశ్చాత్య వీథులను మాత్రమే చూచి నేర్చిన యంత్రమునకు మన ఆటోను, మన పశువును గుర్తింప నేర్పుటకు ఇట్టి సామగ్రియే ఆధారము.

తెలంగాణలోనే 44వ జాతీయ రహదారిపైనున్న కామారెడ్డి పట్టణమునకును, కామారెడ్డి జిల్లాలోనిదే యగు ఎల్లారెడ్డికిని చౌరస్తాల విషయము వర్తించు తీరు వేరు. ఆర్టీసీ బస్సు, ట్రాక్టరు, ఆటో, మోటారుసైకిలు, పాదచారి, అందరును ఒకే మార్గమున సాగు ఇట్టి పట్టణములలో, క్షణమును ముందుగా కోరి పొందు పద్ధతి ఏ సంకేతమును పంపజాలని పాదచారికి చోటు చూపవలసి యుండును. కావున ఇచ్చట చోదకరహిత వాహనపు యోగ్యతను ఎన్ని బండ్లు వేగముగా దాటినవను లెక్కతో గాక, వృద్ధులును బాలురును ఎంత నిర్భయముగా చౌరస్తా దాటగలిగిరను దానితోనే నిర్ణయించుట న్యాయము.