సందు చివరే అన్నా, తిన్నగా వచ్చెయ్

మారతహళ్ళి బ్రిడ్జి దిగి పీజీ వెతుక్కుంటూ నడిచిన మొదటి రోజు, ఫోన్‌లో ఒకటే మాట: "సందు చివరే అన్నా, తిన్నగా వచ్చెయ్." సందు ఎక్కడా చీలలేదు. కాబట్టి చివర ఉండి తీరాలి. బ్యాగు మోసేవాడికి కావలసింది ఆ హామీ కాదు, ఇంకా ఎంత దూరమన్నది.

లెక్కల్లోనూ అలాంటి సందు ఒకటుంది. కొన్ని జతల సంఖ్యలు కనుక్కోవాలి. ఏదీ సున్నాకు తగ్గకూడదు, ప్రతి జతలో ఒకటైనా సున్నా కావాలి, అన్నీ ఇచ్చిన సమీకరణాలకు సరిపోవాలి. దీని పేరు లీనియర్ కాంప్లిమెంటారిటీ. ఇద్దరాడే ఆటలో నాష్ సమతౌల్యం (ఎవరూ ఒంటరిగా ఎత్తు మార్చి లాభపడలేని స్థితి) కనుక్కోవడం కూడా ఇలాంటి లెక్కే. దానికి 1964లో లెమ్కీ, హౌసన్ ఆ షరతులు గీసే ఆకారంలో చీలికల్లేని దారిన మూల నుంచి మూలకు నడిచే పద్ధతి చెప్పారు. మూలలు లెక్కకు అందేవే, వచ్చిన మూలకు మళ్ళీ రావడం ఉండదు, కనుక చివర తప్పదు. మామూలుగా త్వరగానే దొరికేది కూడా.

ఎప్పుడూ త్వరగానేనా? మిచిగన్ విశ్వవిద్యాలయంలోని కట్టా గోపాలకృష్ణమూర్తి 1978లో లీనియర్ కాంప్లిమెంటారిటీకి వాడే ఇలాంటి నడకల సంగతి తేల్చారు. ఆయన తీసుకున్న సమీకరణాల మాత్రిక (అంకెల పట్టిక) చూస్తే నవ్వొస్తుంది: కర్ణం మీద 1లు, ఒక పక్క 2లు, రెండో పక్క సున్నాలు. జవాబు ఒక్కటే ఉంటుందనీ తెలుసు. అయినా ఒక్కో జత చేరినకొద్దీ ఈ నడక పద్ధతుల అడుగులు రెట్టింపవుతాయి. 30 జతలకే వంద కోట్లు దాటతాయి. తమాషా ఏమిటంటే, అదే లెక్కను ఒక్కో వరుస చొప్పున చేత్తో చేసుకుంటూ పోతే కాసేపట్లో తేలిపోతుంది!

మరి తప్పు నడకదా, లెక్కదా? 1988లో నిమ్రోద్ మెగిడ్డో ఇంకో చిక్కు చూపించారు. ఒకే జవాబు ఖాయమైన ఇలాంటి సమస్యలకు 'ఎన్‌పీ-హార్డ్' (అంటే బాగా కష్టమైనవన్న) ముద్ర పడాలంటే ఎన్‌పీ, కో-ఎన్‌పీ ("ఉంది" అనడానికి సులువైన సాక్ష్యం ఉన్న ప్రశ్నలూ, "లేదు" అనడానికి అలాంటిది ఉన్నవీ) ఒకటైపోవాలి. దాన్ని నమ్మేవాళ్ళు అరుదు. ఆ ముద్ర "ఉందా, లేదా?" అని అడిగే ప్రశ్నలకు పుట్టింది; ఇక్కడ ఉందని ముందే తెలుసు.

అందుకే 1991లో మెగిడ్డో, పాపాదిమిత్రియు జవాబు ఖాయమైన వెతుకులాటలకు టీఎఫ్‌ఎన్‌పీ అని వేరే వర్గం పెట్టారు. 1994లో పాపాదిమిత్రియు అందులోంచి పీపీఏడీని విడదీశారు: చీలని దారి మొదలు ఇస్తాం, ఇంకో కొస చూపించు. అచ్చంగా నా పీజీ అడ్రసే. 2006లో షీ చెన్, షియావోటీ డెంగ్ ఇద్దరాటగాళ్ళ నాష్ సమతౌల్యం ఆ వర్గంలోకల్లా కష్టమైన వాటిలో ఒకటని రుజువు చేశారు.

జవాబు ఒక్కటే అని హామీ ఉన్న లెక్క, అంటే పీ-మాత్రిక సమస్య, మాత్రం అలాగే ఉంది. అది పీపీఏడీలోదే, కానీ దానికి ఎప్పుడూ వేగంగా పనిచేసే పద్ధతీ దొరకలేదు, అలాంటిది ఉండదన్న రుజువూ రాలేదు.