సీసామీది చీటి: ద్రావణముల కొలతకు చరిత్ర



పెండ్లివారింట నీరు మోయుటకు మనుష్యులను కుదుర్చుకొనునప్పుడు పెద్దలలో నొకరు "ఎందరు వచ్చిరి?" అని యడుగుదురు. ఇంకొకరు "ఎన్ని బిందెలు వచ్చును?" అని యడుగుదురు. తలమీద మోయువాడు ఒక బిందె తెచ్చును. కావడివాడు రెండు తెచ్చును. పదిమంది వచ్చిరని విన్నంతమాత్రమున నీటి లెక్క తేలదు. వారిలో కావడివారెందరో తెలియవలయును. రసాయనశాస్త్రమునందు ద్రావణముల బలమును చెప్పుటకు గల రెండు పద్ధతులకును భేద మింతియే. మనుష్యులను లెక్కించుట మోలారిటీ. బిందెలను లెక్కించుట నార్మాలిటీ. ఈ రెండు లెక్కలును ఎట్లు పుట్టినవో, వానిలో నొకటి యేల వెనుకకు తగ్గినదో నేడు మనవి చేసెదను.

ఈ కథ బట్టలకు చలువచేయు కొట్టములలో మొదలైనది. పూర్వము ఐరోపాఖండమున నారబట్టలను పచ్చికబయళ్లపై పరచి, వారములకొలది యెండకును మంచునకును విడిచి తెలుపు చేయుచుండిరి. 1785లో బెర్తొలే యను ఫ్రెంచి రసాయనజ్ఞుడు క్లోరిన్ వాయువు కలిసిన నీరు ఆ పనిని శీఘ్రముగ చేయునని చూపెను. వెంటనే యొక చిక్కు వచ్చినది. ఆ నీరు తీక్ష్ణమైనచో నూలు చివికిపోవును. పలుచనైనచో బట్ట తెల్లబడదు. దాని బలమును కంటితో చూచి నిర్ణయించుట కష్టము. రువాన్ పట్టణమునకు చెందిన దెక్రువాజీల్ 1795లో దీనికొక యుపాయమును ప్రకటించెను. నీలిమందు ద్రావణమును నియమిత పాకమున చేసియుంచి, చలువనీరు దానిలో ఎంత రంగును పోగొట్టునో గీతలుగల గాజుగొట్టముతో కొలుచుటయే యా యుపాయము. పదార్థము చేయు పనినిబట్టి దాని బలమును చెప్పవలయునను భావము ఇందు కలదు. నార్మాలిటీకి విత్తనమిదియే.

చలువలో లెక్క తప్పినచో బట్ట పోవును. టంకసాలలో తప్పినచో రాజ్యము సొమ్మే పోవును. వెండి మేలిమిని తేల్చుటకు అందాక వాడుకలో నున్నది పుటము పెట్టు పద్ధతి. వెండిని సీసముతో చేర్చి, ఎముకల బూడిదతో చేసిన మూసలో కరగించెడివారు. సీసమును, రాగియు మూసలోనికి ఇంకిపోయి వెండి మిగులును. ఐతే వెండియు కొంత వానివెంట పోయెడిది. మిగిలినదానిని తూచి మేలిమి చెప్పుటచేత, ఉన్న వెండికంటె తక్కువగ లెక్కకు వచ్చుచుండెను. వెండి యమ్మినవానికో, నాణెము కొట్టినవారికో, ఎవరో యొకరికి అన్యాయము తప్పకుండెను.

1829లో పారిస్ టంకసాలయందు ముఖ్య పరీక్షకుడుగా నియమింపబడిన గేలుసాక్ ఈ దోషమునకు మందు చూపెను. వెండిని నత్రికామ్లమునందు కరగించి ఉప్పునీరు పోసినచో, వెండి తెల్లని పెరుగువలె విరిగి అడుగునకు దిగును. ఇంక తెలుపు పుట్టనిచో వెండి యంతయు దిగినదని యర్థము. 100 ఘనసెంటీమీటర్ల ఉప్పునీరు సరిగా 1 గ్రాము వెండిని దింపునట్లు పాకము కుదిర్చి, దానిని నార్మల్ ద్రావణమనెను; అనగా ప్రమాణమైనదని భావము. అందు పదియవవంతు బలముగల ద్రావణమును వేరుగ చేసి, కడపటి లోటును దానితో సరిచూచెను. దాని ఒక్క ఘనసెంటీమీటరు ఒక్క మిల్లీగ్రాము వెండికి సరి. ఈ విధానము 1832లో గ్రంథరూపమున వెలువడెను. నేటికిని విద్యార్థులు చేతబట్టు బ్యూరెట్, పిపెట్ అను పరికరములకు ఆ పేర్లను 1824లో వాడినవాడును ఇతడే.

గేలుసాక్ ఉప్పునీరు వెండిపరీక్షకు కుదిరినది. ఇతర పదార్థముల మాట యేమి? ఏ ఆమ్లమెంత యే క్షారమునకు సరిపోవునో జర్మను పండితుడు రిఖ్టర్ 1792 మొదలు గ్రంథములలో వివరించి యుండెను. ఆ సరితూకమునకు తుల్యభారమని పేరు. కోబ్లెంజ్ పట్టణమున జన్మించిన మోర్ అను ఔషధశాస్త్రజ్ఞుడు 1855లో ప్రకటించిన గ్రంథమునందు దీనినే యాధారము చేసికొనెను. తుల్యభారమును గ్రాములలో తీసికొని ఒక లీటరు ద్రావణముగ చేసినచో, అది నార్మల్. ఆ ప్రకారము లీటరునకు కాస్టిక్ సోడా 40 గ్రాములు, ఉదహరికామ్లము 36.5 గ్రాములు, గంధకికామ్లము 49 గ్రాములు. ఈ యామ్లములలో దేనిని తీసికొన్నను, ఒక గిన్నెడు ఆమ్లము ఒక గిన్నెడు సోడాకు సరిగా చెల్లును. గుణకారము లేదు, భాగహారము లేదు.

ఐనను ఒక వింతను గమనింపుడు. గేలుసాక్ నార్మల్ ఉప్పునీటియందు లీటరునకు ఉప్పు సుమారు 5.42 గ్రాములు. మోర్ నార్మల్ నందు 58.5 గ్రాములు. పేరొక్కటే, బలము పదిరెట్లకు మించిన భేదము. పాతగ్రంథమును చూచి చేసినవాడును, క్రొత్తగ్రంథమును చూచి వాడినవాడును ఒకే మాట పలికినను ఒకరినొకరు మోసగించుకొనినట్లే యగును.

ఇక మనుష్యులను లెక్కించు పద్ధతి యేల యాలస్యమైనది? ఆ కాలమున పరమాణుభారములే తేలలేదు. ప్రాణవాయువు పరమాణువు భారము 8 యని కొందరు, 16 అని కొందరు వాదించిరి. 1860లో కార్ల్‌స్రూహె పట్టణమున రసాయనజ్ఞులు మహాసభ చేసిరి. ఇటలీవాడగు కన్నిజారో చూపిన త్రోవవలన ఆ వివాదము క్రమముగ నడగెను. అణుభారములు స్థిరపడిన పిమ్మట, 1890 తరువాతి దశాబ్దమున ఓస్ట్‌వాల్డ్ పండితుడు "మోల్" అను మాటను ప్రవేశపెట్టెను. అణుభారమును గ్రాములలో తీసికొన్నచో అదియొక మోల్. లీటరు ద్రావణమునందు ఒక మోల్ ఉన్నచో దాని మోలారిటీ 1. గంధకికామ్లము మోల్ 98 గ్రాములు. ఇది మన కావడివాడు. సోడాతో పూర్తిగ కలిసినపుడు రెండు బిందెల పని చేయును. కనుకనే 1 మోలార్ గంధకికామ్లము 2 నార్మల్ అగును. ఉదహరికామ్లము తలమోతవాడు, దానికి రెండంకెలును ఒకటియే.

ఇట్లు బిందెల లెక్క సులువుగ నుండగా, దానినేల తగ్గించిరి? నూతులలో వేయు ఊదారంగు పర్మాంగనేటును తీసికొనుడు. అది ఆమ్లమునందు అయిదు బిందెల పనిచేయును. ఆమ్లము లేని నీటియందు మూడింటి పని. తీక్ష్ణమైన క్షారమునందు ఒక్కదాని పని. 0.1 మోలార్ సీసా యొక్కటియే, పనినిబట్టి 0.5 నార్మల్, 0.3 నార్మల్, 0.1 నార్మల్ అగును. సీసా మారలేదు, లోపలి మందు మారలేదు. చీటిమీది అంకె మాత్రము మారవలసి వచ్చినది. మోయువాడు దారినిబట్టి బిందెల సంఖ్య మార్చుకొన్నను, మనిషి యొక్కడే గదా! 1971లో మోల్ అంతర్జాతీయ ప్రమాణములలో చేర్చబడెను. 2019లో మోల్ అనగా 6.02214076 అను సంఖ్యను పదియొక్క యిరువదిమూడవ ఘాతముచే గుణించినన్ని కణములని నిశ్చయింపబడెను. నార్మాలిటీ పరీక్షాశాలలలో నిలిచియున్నను, ఏ చర్యకో చెప్పక దానిని వ్రాయుట తగదు.

ద్రావణము చేయువాడు మరువరాని నియమములు రెండు కలవు. తూచిన పదార్థమును లీటరు నీటిలో వేయరాదు. కొంచెము నీటిలో కరగించి, చల్లారిన పిదప, మొత్తము లీటరు గీతకు వచ్చువరకు నీరు చేర్చవలయును. గంధకికామ్లమును నీటిలో మెల్లమెల్లగ పోయవలయునే కాని, దానిమీద నీరు పోయరాదు. పోసినచో కుతకుతలాడి పైకి చిమ్మును.

చలువ కొట్టమునందలి బట్టయు, టంకసాలయందలి వెండియు మనకు నేర్పిన పాఠమొక్కటియే. చీటిమీద అంకె మాత్రము వ్రాసినచో చాలదు. ఏ లెక్క ప్రకారమో వ్రాయవలయును. 1 మోలార్ గంధకికామ్లమును 1 నార్మల్ అని తలచి వాడినవాడు తెలియకయే రెట్టింపు పోసినవాడగును. మానిక కొలిచి యిచ్చునప్పుడు, ఏ ఊరి మానికయో ముందుగ చెప్పుట పెద్దల మర్యాద. శాస్త్రమునందును మర్యాద యదియే.