కూడిక

చిత్తూరు పల్లెల్లో "ఈ పొద్దు మా ఇంట్లో కూడిక" అంటే లెక్కల పుస్తకంలో కూడిక కాదు. పదిమంది క్రైస్తవులు ఒకరింట్లో చాప పరుచుకొని బైబిలు చదివి, చదివినదాని గురించి మాట్లాడుకోవడం.

మాటకు మూలం 'కూడు' అనే క్రియ. కూటమి, కూడలి దాని బిడ్డలే. సరిహద్దు దాటితే తమిళంలో 'కూట్టం'. మనం తినే కూడు మాత్రం వేరే వంశం. అది తమిళుల 'కూళ్'కు, అంటే గంజికి చుట్టం. పాత తెలుగులోని ఒక అక్షరం 'డ'గా మారడంతో రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి. కూడిక అయ్యాక అందరికీ అన్నం వడ్డించే ఇంట్లో ఆ తేడా గుర్తుకే రాదు.

1853లో ఏర్పడిన ఆర్కాటు మిషన్ చిత్తూరు, మదనపల్లె వైపు పనిచేసింది. తిరుపతి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి కేంద్రం. ఏ సంఘం వారైనా ఈ మాట వాడతారు. తెలుగు బైబిల్లో మత్తయి 18:20 చూడండి, ఇద్దరు ముగ్గురి గురించి చెప్పే చోట ఉన్నది ఈ క్రియే.

నాకిష్టమైనది ఆ మాట్లాడుకోవడమే. ఒక సాయంత్రం తప్పిపోయిన కుమారుడి కథ చదివారు. తన భాగం పంచుకుని వెళ్లిపోయిన చిన్నకొడుకు తిరిగొస్తే తండ్రి విందు చేస్తాడు, పెద్దకొడుకు అలుగుతాడు. చదువురాని ఒక పెద్దామె అడిగింది: "పెద్దోడు అలిగినాడంటే అలగడా? సేద్యమంతా చేసింది వాడే గదమ్మా?" చదువుతున్నామె కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ రాత్రి తర్వాతి అధ్యాయం చదవలేదు. అన్నదమ్ముల భాగాల గురించే తొమ్మిదిన్నర దాకా మాట్లాడుకున్నారు.