గుర్తుచేయడానికీ పర్మిషనేనా?

హెల్ప్ డెస్క్ సాఫ్ట్‌వేర్లలో "రిమైండర్లు ఎవరు పెట్టొచ్చు" అని అడ్మిన్ టిక్కులు పెట్టే పేజీ ఒకటుంటుంది. ఇంత చిన్నదానికి పర్మిషన్లెందుకు అనిపిస్తుంది గానీ, ఈ తలనొప్పి ఇప్పటిది కాదు.

1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన ఏడో ఎడిషన్ యూనిక్స్‌లో 'కేలండర్' అనే కమాండు ఉండేది. యూజరు తన డైరెక్టరీలో అదే పేరుతో ఒక ఫైలు పెట్టి, తేదీలేసి పనులు రాసుకుంటే చాలు. క్రాన్ రోజూ తెల్లవారుజామున ఆ కమాండు నడిపితే, ఇవాళ్టి, రేపటి పనులు మెయిల్లో వచ్చేవి. చిక్కేంటంటే, ఆ ఫైలు అందరూ చదవగలిగేలా ఉంటేనే ఈ సేవ! మాన్యువల్లో 'బగ్స్' కింద వాళ్ళే రాశారు. అంటే, గుర్తుచేయించుకోవాలంటే గుట్టు వదులుకోవాలన్నమాట.

క్రాన్‌కి అప్పట్లో ఒకటే పట్టిక, అదీ అడ్మిన్ చేతిలో. 1980ల్లో సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ యూజర్లకి సొంత పట్టికలిచ్చింది. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి వద్దో రాసే 'క్రాన్.అలో', 'క్రాన్.డినై' ఫైళ్ళు కూడా పెట్టింది. ఇప్పటి టిక్కులకి ఇవి తాతల్లాంటివి.

ఇందులో పెట్టే హక్కు సంగతే తేలింది, చూసే హక్కు సంగతి వేరే. టికెట్టు మీది రిమైండర్లో కస్టమర్ ఫోన్ నంబరుండొచ్చు, గొడవుండొచ్చు. నన్నడిగితే, అడ్మిన్లు ముందు తేల్చాల్సింది అది ఎవరికి కనబడాలనేదే.